ఆరోగ్యవంతురాలి డబ్బా

పేగుల్లో వైరస్ దూరితే ఒళ్లు దాంతో ఎలా తలపడుతుందో కనిపెట్టడమే ఈ సైంటిస్టమ్మ ఉద్యోగం. ఆమె ముక్కు ఎప్పుడో సెలవు పెట్టేసింది. పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లను "విరేచనం సాఫీగా అవుతోందా?" అని అడుగుతుంది కనుక ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. రోగుల మలంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల మలం కూడా కావాలి. ఇమ్మంటే అందరికీ సిగ్గు. అందుకని ప్రతి సోమవారం తనదే డబ్బాలో తెచ్చి, పతకం గెలిచినంత దర్జాగా బల్లమీద పెడుతుంది.

ఈసారి అసిస్టెంటు నసిగింది. "మేడం, మీ డబ్బాలో వైరస్ ఉంది."

"నా కడుపులో చిన్న గుడగుడ కూడా లేదే."

మళ్లీ పరీక్షించారు. వైరస్ ఉంది, దాన్ని చిత్తు చేసే యాంటీబాడీలూ దండిగా ఉన్నాయి. తన పేగుల ప్రతాపానికి మురిసిపోతుండగా, పోయినవారం ఒళ్లో ఆడిన మనవరాలు గుర్తొచ్చింది. వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"పాపకు విరేచనాలయ్యాయా?"

"తగ్గిపోయాయమ్మా. నీకెవరు చెప్పారు?"

"నా డబ్బా చెప్పింది. నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు పాప కోసం రావు, డబ్బా నింపుకోడానికొస్తావు."

"ఛ, ఉత్త చేతుల్తోనే వస్తాలే," అంది సైంటిస్టమ్మ, కొత్త డబ్బాను హ్యాండ్‌బ్యాగులో దోపుకుంటూ.