మెషిన్‌కు తెలియని మాస్టరు

"మీ ఎదురుగానే నిలబడుకోని ఉండాను కద సార్! ఇంకెట్ల రావల్ల నేను?"

"నువ్వొచ్చినావని నాకు తెలుసు రామాంజినప్పా. మెషిన్‌కు తెలియాల కదా!"

బెంగళూరు బొమ్మనహళ్ళిలోని గార్మెంట్స్ ఫ్యాక్టరీ గేటు దగ్గర, ముఖం చూసి హాజరు వేసే మెషిన్ని సర్వీసింగ్ చేస్తున్న మోహన్‌కుమార్‌కు మేనేజర్ రాజగోపాల్ అన్న ఆ మాట వినబడి చెయ్యి ఆగిపోయింది. డిగ్రీ మధ్యలో వదిలేసి ఈ పనిలో పడ్డవాడు. చానా ఆఫీసుల్లో చానా వేషాలు చూశాడు గానీ ఇంత సిగ్గులేనితనం చూడలేదు.

రామాంజినప్ప కటింగ్ మాస్టరు. హిందూపురం వైపు నుంచి మీసం మొలవని వయసులో వచ్చి, ఇక్కడే దారాలు కత్తిరించే హెల్పరుగా మొదలై, గుడ్డ పొరలు పరిచి కోసే మాస్టరు దాకా ఎదిగాడు. ఈమధ్య కూతురి కాన్పు గండం గడిచిందని తిరుపతికి పోయి జుట్టూ, బుగ్గలదాకా మెలితిరిగిన మీసమూ స్వామికి ఇచ్చి వచ్చాడు. మర్నాడు మెషిన్ ముందు నిలబడితే ఎర్రలైటు. ఆ తర్వాత రోజూ అంతే.

మనుషులకు మాత్రం తెలుసు. "గుండు బాగుండాది మాస్టరూ" అని వాచ్‌మన్ నవ్వి లోపలికి వదిలాడు. ఆయన కోసిన గుడ్డనే టైలర్లు కుట్టారు. సాయంత్రానికి కంప్యూటర్లో ఆయన రానే లేదు. వారం తిరిగేసరికి మేనేజర్ రాజగోపాల్ తేల్చేశాడు: చెప్పకుండా పని మానేసినట్టే. కావాలంటే కొత్త హెల్పరుగా చేరు.

థూ! మెషిన్ తప్పు ఇందులో పిసరంత. పోయిన నెల టీ బ్రేక్ ఎత్తేస్తానని మేనేజర్ అంటే, ఓనరు ముందరే కుదరదన్నవాడు రామాంజినప్ప. పైగా ఆ కటింగ్ టేబుల్ మీద రాజగోపాల్ బామ్మర్ది కన్ను ఎప్పట్నుంచో ఉంది. ఎర్రలైటు వెలిగితే మేనేజర్ కళ్ళకద్దుకున్నాడు.

"సార్, కొత్త ఫోటో ఎక్కిస్తే సరి. నిమిషం పని," అన్నాడు మోహన్‌కుమార్.

"ఎవరి ఫోటో ఎక్కించాలో నేను చెప్తా. నీ పని నువ్వు చూస్కో," అని రాజగోపాల్ పళ్ళు కుట్టుకుంటూ లోపలికి పోయాడు.

మోహన్‌కుమార్ చుట్టూ ఉన్న టైలర్లను చూశాడు. అందరివీ నేలచూపులే.

"చెప్పండక్కా, ఈయన రోజూ వచ్చినాడని!"

"మాకూ పిల్లలుండారప్పా," అని చిక్కమ్మ అనే టైలరు పక్కకు తప్పుకుంది.

రామాంజినప్ప గుండు మీద చెమట తుడుచుకుని మోహన్‌కుమార్ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"సోమవారం లేబర్ ఆఫీసుకు పోతాండా. వీళ్ళెవరూ రారు, వాళ్ళ బాధ వాళ్ళది. నువ్వు రాప్పా. ఆ మెషిన్‌లో ఉండే మీసాలోడూ, ఈ గుండోడూ ఒకడేనని నువ్వన్నా ఒక మాట చెప్పు."