పదకొండు గంటల మసి

బొల్లారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో దశరథ్ ఇరవై రెండేళ్లుగా బాయిలర్ నడుపుతున్నాడు. సీనియర్ కాబట్టి ఎప్పుడూ పొద్దుటి షిఫ్టే. ఆరింటికి లోపలికి వెళ్లగానే అతని మొదటి పని, గొట్టాలకు పట్టిన మసిని ఆవిరితో ఊది చిమ్నీలోంచి బయటికి తోలడం. ఎనిమిది దాటితే మందులు తయారయ్యే రియాక్టర్ల దగ్గరివాళ్లు ఆవిరి అడుగుతారు. అప్పుడు ఊదితే ఒత్తిడి పడిపోతుంది, సూపర్‌వైజర్లు కేకలేస్తారు. అందుకే ఆరున్నరకే ఆ పని ముగించేవాడు.

"దశరథన్న ఆవిరంటే అత్తగారింటి మర్యాద లెక్క. ఎన్నడు తక్కువ పడదు!" అని రియాక్టర్ సెక్షన్ ఎల్లయ్య నలుగురిలో అనేవాడు. ఆ మాటకు దశరథ్ లోలోపల పొంగిపోయేవాడు.

బాయిలర్ గది గోడకు కాలుష్య నియంత్రణ అధికారుల ఆదేశం ఒకటి అంటించి ఉంది: మసి ఊదడం పగలు పదకొండు తర్వాతే జరగాలి. చలికాలపు పొద్దున మంచు కింద గాలి కదలదు. ఊదిన మసి పైకి పోక వెనుక బస్తీ మీదే దిగుతుంది. ఆ సంగతి రాసినవారికీ తెలుసు, చదివినవారికీ తెలుసు. కాని అంటించిన నాటి నుంచి ఒక్క అధికారి పొద్దున్నే వచ్చి చిమ్నీ వంక తలెత్తి చూసిన పాపాన పోలేదు. వారికి కావలసింది లాగ్‌బుక్కులో ఆ అంకె. దశరథ్ ఆరున్నరకు ఊదేవాడు, పదకొండని రాసేవాడు, సంతకం పెట్టేవాడు.

ఆ వెనుక బస్తీలోనే అతని బిడ్డ సృజన ఉంటుంది. దగ్గరుంటుందని ఆ ఇల్లు కిరాయికి చూసిపెట్టింది అతనే. కిందటేడు సృజన బస్తీ ఆడవాళ్లతో కలిసి ఆ అధికారులకు ఫిర్యాదు పెట్టింది: రోజూ పొద్దున ఆరేసిన బట్టల మీద, మూతలేని గిన్నెల్లో నల్లపొడి పడుతున్నదని. నెల తిరిగాక జవాబొచ్చింది. 'లాగ్‌బుక్కు పరిశీలించగా మసి తొలగింపు పగలు పదకొండు గంటలకే జరుగుతున్నట్లు తేలింది. ఆరోపణ నిరాధారం.'

"సూసినవా నాయినా, మేం అబద్ధాలోళ్లమట," అన్నది సృజన అన్నం వడ్డిస్తూ. దశరథ్ కంచంలోంచి తలెత్తలేదు.

ఈ డిసెంబరులో బస్తీ పిల్లలందరికీ జలుబు, దగ్గు, జ్వరం చుట్టుకున్నాయి. మిగతా పిల్లలు నాలుగు రోజుల్లో లేచి తిరిగారు. సృజన కూతురు భవ్యశ్రీకి మాత్రం అయిదో నాటికి ఆయాసం మొదలైంది. అయిదేళ్ల పిల్ల, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల నడుమ చర్మం గుంటలు పడుతుంటే, దశరథే భుజాన వేసుకుని పటాన్‌చెరు ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆక్సిజన్ పెట్టారు.

"ఇంట్లో పొగ ఉంటుందా అమ్మా?" అని అడిగింది డాక్టరు స్నేహలత.

"ఇంట్ల లేదు మేడం. పొద్దుగాల ఫ్యాక్టరీది వస్తది."

"జబ్బు వైరస్ వల్లే వచ్చింది. పొగ వైరస్‌ను పుట్టించదు. కాని రోజూ పొగ పీలిస్తే ఊపిరి గొట్టాల లోపలి పొర దెబ్బతింటుంది. అప్పుడు అదే వైరస్ మరింత లోతుకు దిగొచ్చు. ఈ పాపకు అదే జరిగిందని ఒట్టేసి చెప్పలేను. జరగలేదనీ చెప్పలేను."

తలుపు దగ్గర నిలబడ్డ దశరథ్ తన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మర్నాడు ఆరున్నరకు వాల్వు మీద చెయ్యి వేసి, తిప్పకుండానే తీసేశాడు. పదకొండింటికి ఊదాడు. ఒత్తిడి పడిపోయింది.

"ఏందే అన్నా, ఇయ్యాల అత్తగారిల్లు బంద్ వెట్టినవా?" అంటూ ఎల్లయ్య పరుగున వచ్చాడు.

"ఇగ రోజు గింతే," అన్నాడు దశరథ్. లాగ్‌బుక్కులో పదకొండని రాశాడు. మొదటిసారి అది నిజం. కాని పేజీ తిప్పితే దాని వెనుకవన్నీ అలాగే ఉన్నాయి, అన్నింటి కిందా అతని సంతకమే.

రెండింటికి డ్యూటీ దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాడు. భవ్యశ్రీ నిద్రపోతున్నది. ముక్కుకు గొట్టం ఇంకా ఉంది. బయట బెంచీ మీద సృజన కొత్త ఫిర్యాదు రాస్తున్నది. పక్కనే పాత జవాబు మడత విప్పి ఉంది.

"మళ్ల గదే జవాబొస్తది గావొచ్చు నాయినా. బుక్కుల పదకొండని ఉన్నదంటరు."

"గా పదకొండు రాసింది నేనే బిడ్డా. ఊదింది ఆరున్నరకు."

సృజన కలం ఆగింది. అడిగింది: "ఎన్నేండ్ల సంది?"

"గోడకు కాయిదం అంటించినప్పటి సంది. ఆరేండ్లు."

"అంటే, పిల్ల పుట్టకముందు సంది."

దశరథ్ కలం కోసం చెయ్యి చాచాడు.

"నౌకరి పోతది," అన్నది సృజన. అది హెచ్చరికో, లెక్క చూడటమో అతనికి అర్థం కాలేదు.

"పోనీ."

ఫిర్యాదు కింద రాశాడు: 'బాయిలర్ ఆపరేటర్ దశరథ్ అను నేను ఆరేళ్లుగా మసి ఊదినది పొద్దున ఆరున్నరకు. పదకొండని రాసినది అబద్ధం. నా మనుమరాలి జబ్బు ముదిరినది దానివల్లేనని డాక్టరు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ మాట చాటున నేను దాక్కోదలచలేదు.' సంతకం పెట్టాడు.

సృజన కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. తండ్రి ముఖం వంక చూడలేదు.

"తేదీ ఎయ్యలే," అని తిరిగి అతని చేతికిచ్చింది.