దూరమా అని అడిగినందుకు

బయల్దేరినవాళ్ళను ‘ఎక్కడికి’ అని అడిగితే అపశకునమని మాకు చిన్నప్పుడే నేర్పారు. ‘దూరమా?’ అనాలి. శ్రీకాకుళం నుంచి పని మీద వచ్చిన నేను, దొనకొండ స్టేషన్‌లో నా పక్కన సంచి పట్టుకుని కూర్చున్న ఆమెనూ అంతే మర్యాదగా పలకరించాను.

“దూరమా అమ్మా?”

ఆమె భగ్గుమంది.

“నువ్వు గూడా అదేనా అన్నా? ఎక్కడికని అడగలేవా? మా ఆయన ఇల్లు కదిలేటప్పుడు మా అత్త, మా బావ, వీధోళ్ళు, అందరూ దూరమా అనే అడిగినారు. నేను గూడా నోరు మూసుకున్నా. ఊఁ అన్నాడు, పోయినాడు. మూడు నెలలాయె, ఫోన్ గూడా లేదు. ఎక్కడికి పోయినాడమ్మా అని పోలీసోళ్ళు అడిగితే ఏం చెప్పాల? దూరం పోయినాడు సార్ అని చెప్పాల్నా?”

ఇన్నేళ్ళుగా పాటిస్తున్న ఆ మర్యాద మీద నాకూ ఒళ్ళు మండింది. ఇంతలో రైలొచ్చింది, ఆమె ఎక్కింది. బండి కదులుతుంటే కిటికీ దగ్గరికి పరుగెత్తి అడిగేశాను.

“ఎక్కడికమ్మా?”

“గుంతకల్లు!” ప్లాట్‌ఫాం అంతా వినబడేలా అరిచింది. “ఆయన్ను ఆడ చూసినామన్నారు. నా పేరు రమణమ్మ. నన్ను ఎతుక్కుంటా ఎవరన్నా వస్తే చెప్పు!”