దుండిగల్ ల్యాబులో మాయమయ్యే పట్టీ

మేడ్చల్‌లో వెల్డింగ్ షాపు గౌరయ్య కూతురు రోజారాణికి 2005లో ఒక వింత తలనొప్పి పట్టుకుంది. దుండిగల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ల్యాబ్ అసిస్టెంటు. అక్కడి నలభై కంప్యూటర్లలో ఉచితంగా దొరికే లినక్స్ డెస్క్‌టాప్ పెట్టించింది తనే. దేశదేశాల వాళ్లు కలిసి రాసేదనీ, లోపలి కోడ్ ఎవరైనా చూసి దిద్దొచ్చనీ చెప్పి, ల్యాబ్ ఇన్‌చార్జి వెంకటరామయ్యగారిని వారం రోజులు బతిమాలి ఒప్పించింది. తీరా పెట్టాక, కరెంటు పోయి వచ్చిందంటే చాలు, నాలుగైదు కంప్యూటర్లలో తెర అడుగున ఉండే పట్టీ మాయం. మెనూ లేదు, గడియారం లేదు. పిల్లలు బోసి తెరల ముందు నోళ్లు తెరుచుకుని కూర్చునేవారు.

"దసరా దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే పాతదే వేయించేస్తాను," అన్నారు వెంకటరామయ్యగారు. ఆయనది తెనాలి వైపు. గట్టిగా అరవరు గానీ, అన్నమాట తప్పే మనిషి కాదు.

రోజారాణి నెల రోజులు కోడ్ తవ్వింది. పట్టీ ఎక్కడుండాలో రాసిపెట్టుకునే ఫైలు ఒకటుంది. అది సగం రాసి ఉండగా కరెంటు పోతే ఖాళీ అయిపోతోంది. పదకొండు వరుసలు మార్చి, ఆ భాగం చూసుకునే జర్మనీ ఆయనకు పంపింది. ఆయన జవాబు అందరూ చదివే మెయిళ్ల జాబితాలోనే ఇచ్చాడు. జవాబంటే తొమ్మిది ప్రశ్నలు. చివరిది మరీ గుచ్చుకుంది: "ఆ ఫైలును డెస్క్‌టాప్ తెరుచుకునేటప్పుడు మాత్రమే రాస్తాం, అదీ రెండు సెకన్లు. మీ దగ్గర కరెంటు ప్రతిసారీ సరిగ్గా అప్పుడే ఎలా పోతుంది?"

నిజమే, ఎలా పోతుంది? ఆమెకూ అంతు పట్టలేదు. తను అబద్ధం చెబుతోందని అంటున్నాడా? వాళ్ల కాలేజీలో పెద్దసార్లు పదిమందిలో ఇన్ని ప్రశ్నలు వేశారంటే, కాగితాలు తీసుకుని బయటికి నడవమనే అర్థం. పాపం, ఆమెకు తెలిసిన లోకం అదే. సిగ్గుతో చచ్చిపోయి మెయిలు మూసేసింది. ఆయన దగ్గర్నుంచే మరో రెండు వస్తే తెరవనైనా లేదు.

దసరా వెళ్లింది. నలభై కంప్యూటర్లలోనూ పాతది ఎక్కింది.

ఆ ఆదివారం నాన్నకు సద్ది పట్టుకుని షాపుకు పోయింది. అప్పుడే కరెంటు వచ్చింది. గౌరయ్య మాత్రం మిషన్ జోలికి పోకుండా తీరుబడిగా బీడీ ముట్టించాడు.

"కరెంటొచ్చింది గదా నాయినా, ఊకె కూసున్నవేంది?"

"గిప్పుడే ముట్టద్దు బిడ్డా. ఒక్కపారి పోయి ఊకుంటదా గది? వస్తది, మల్ల పోతది, మల్ల వచ్చినంకనే కుదురుకుంటది. నడుమల మిషన్ పెడితే కాలిపోదా?"

అంటూనే బల్బు ఆరిపోయింది. రోజారాణి సద్ది గిన్నెతో అలాగే నిలబడిపోయింది. వచ్చిన కరెంటుకు కంప్యూటర్ లేచి, డెస్క్‌టాప్ తెరుచుకునే వేళకే అది మళ్లీ పోతోంది! పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఒకరికి చెప్పాల్సిన సంగతని ఏనాడూ తోచలేదు.

సోమవారం ఆ రెండు మెయిళ్లూ తెరిచింది. మొదటిది: "మీ మార్పు బాగుంది. కానీ ఎన్నిసార్లు ప్లగ్ పీకినా నా దగ్గర ఆ తప్పు రావడం లేదు. కళ్లతో చూడందే చేర్చలేను. మీ జవాబు కోసం చూస్తున్నాను." రెండోది ఇంకా చిన్నది: "ఒంట్లో బాగుందా?" ఆమెకు ఏడుపొచ్చింది. గౌరయ్య మాటే రెండు వాక్యాల్లో రాసి పంపింది. నాలుగో రోజుకల్లా ఆ పదకొండు వరుసలూ ఆమె పేరుతో డెస్క్‌టాప్‌లో చేరిపోయాయి.

సంతోషపడాలో బాధపడాలో తెలియక, ఆ మెయిళ్లు అచ్చు తీసి వెంకటరామయ్యగారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, పైనున్న ఆమె రెండు వాక్యాల జవాబు చదివారు.

"ఇంతేనా! ఈ ముక్కేదో దసరాకు ముందే ఆయన నిన్ను అడిగి ఉండాల్సింది కదమ్మా."

"అడిగిండు సార్," అంది రోజారాణి. "నేనే చెప్పలే."