తెగులు పెంచిన సార్

పోయిన వారం ఫరీదాబాద్ నుంచి సార్ వాళ్లావిడ, మా ఆంటీ, ఫోన్ చేసి సార్ పోయారని చెప్పారు. "బాధపడలేదమ్మా. హాస్పిటల్లో ఆ గొట్టాలన్నీ తీయించి ఇంటికి తెచ్చేసుకున్నాం. పొద్దున్న పెరుగన్నం అడిగి మరీ తిన్నారు. సాయంత్రానికి అంతే," అన్నారు. ఏడుపు తర్వాత ఎప్పటికో వచ్చింది. ముందు కలిగింది మాత్రం ఊరట. అడిగి తిని వెళ్లారు కదా, అది చాలనిపించింది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. తొంభైల్లో ఢిల్లీలో కొత్త గోధుమ వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త. నేను వరంగల్ వైపు నుంచి వెళ్లి, కటవారియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకుని, ఆయన దగ్గర పరిశోధన చేశాను. ఆయనది గోదావరి పక్క. ఉద్యోగమంతా గోధుమ మీద చేసి ఇంట్లో చపాతీ ముట్టని మనిషి. ఎవరైనా ఆటపట్టిస్తే, "గోధుమ నా ఉద్యోగమండీ, అన్నం నా భోజనం. రెండూ కలపకూడదు," అనేవారు.

చలి దేశాల గోధుమల్లో కొన్నింటికి తెగుళ్లను తట్టుకునే గుణం ఉంటుంది. ఆ గుణం మన గోధుమలోకి తేవాలని ఆయన రెంటినీ సంకరం చేసేవారు. అయితే ఆ పరదేశపు మొక్కకు లేతప్పుడు కొన్ని వారాలపాటు గట్టి చలి తగలకపోతే కంకి వేయదు. మన ఎముకలు కొరికే ఢిల్లీ చలి దానికి ఒక లెక్క కాదు. ఆఫీసులో చల్లగది మొరాయించినప్పుడల్లా మొలకల ట్రేలు ఇంటి ఫ్రిజ్‌లోకి వచ్చేవి. "మా ఇంట్లో పెరుగు బయట పులుస్తుంది, గడ్డి లోపల హాయిగా ఉంటుంది," అని ఆంటీ మా ముందే దెప్పేవారు. సార్ వినపడనట్టు పేపరు తిరగేసేవారు.

తట్టుకునే మొక్క ఏదో తెలియాలంటే ముందు తెగులు రావాలి. అందుకని ఇట్టే లొంగిపోయే రకం ఒకటి వరసల మధ్య వేసి, దానికి కావాలనే పసుపు తుప్పు తెగులు అంటించేవారు. ఆకుల మీద చారలు చారలుగా పసుపు లాంటి పొడి లేచి, గాలికి చుట్టూ ఉన్న కొత్త రకాల మీద పడేది. పొగమంచు పట్టుకుంటే ఢిల్లీ అంతా విసుక్కునేది, ఆయన ముఖం మాత్రం వెలిగిపోయేది. తెగులు ఆ తేమకే పాకుతుంది మరి. "ఈ ఏడు తెగులు రాలేదనుకో, పరీక్ష పెట్టకుండా అందర్నీ పాస్ చేసినట్టేనమ్మాయ్," అనేవారు.

ఆ పొలంలోంచి వచ్చినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా ఇంకో పొలంలో కాలు పెట్టడానికి వీల్లేదు. ఆచారాల బామ్మలు కూడా అంత పట్టింపుగా ఉండరని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. "తెగులుని మనం పెంచుతాం, మొయ్యం," అన్నది ఆయన సూత్రం.

దాన్ని ఒకే ఒక్కసారి తప్పారు. ఆయన ఏళ్ల తరబడి తయారుచేసిన ఒక వంగడాన్ని ఫరీదాబాద్ అవతల ఒక రైతు ఆ ఏడాది తన పొలమంతా వేశాడు. మేం తెగులు వరసల్లో ఉండగా ఆకులు పసుపెక్కుతున్నాయని అతని దగ్గర్నుంచి కబురొచ్చింది. సార్ ఉన్నవారు ఉన్నట్టే జీపెక్కేశారు. నేనూ వెంటపడ్డాను.

పల్లపు మూలలో మొక్కలు నిజంగానే పసుపుపచ్చగా ఉన్నాయి. తుప్పు తెగులైతే ఆకు తుడిస్తే పొడి అంటుకుంటుంది. సార్ జేబురుమాలు తీసి తుడిచారు. రుమాలు పసుపైంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. రైతు తల్లి రుమాలు వంక అనుమానంగా చూసి, "అరే భయ్యా, యే తో పహలే సే మైలా హై," ఇది ముందే మాసి ఉందిగా అంటూ తన తెల్ల ఓఢ్నీ కొంగు అందించింది. దాంతో నాలుగైదు ఆకులు తుడిచారు. మరకే లేదు. పొద్దున్న తెగులు వరసల్లో చేతులు తుడుచుకున్నది ఆ రుమాలుకే. పల్లంలో నీళ్లు నిలవడం వల్ల ఆకులు పసుపెక్కాయి, అంతే.

రైతు ఊపిరి పీల్చుకున్నాడు. సార్‌కి భయం అప్పుడు మొదలైంది. తన బట్టల మీద, చేతుల మీద తెగులు మోసుకొచ్చి అతని పొలంలో దులిపారు కదా. దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. రైతు నవ్వి, "సాహబ్, ఇసే కుఛ్ నహీఁ హోగా. ఆప్ హీ నే కహా థా," అన్నాడు. దీనికేం కాదని మీరేగా చెప్పారు అని.

ఆ మాటతో సార్‌కి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత రెండు మూడు వారాలు వీలున్నప్పుడల్లా తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని బస్సులో ఆ పొలానికి వెళ్లేవారు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకునేవారు కాదు. నాకు ఒళ్లు మండి ఒకరోజు బస్సులో అనేశాను: "మీ విత్తనం మీద మీకే నమ్మకం లేకుంటె ఎట్ల సార్?"

"నమ్మకం నాదమ్మాయ్. పంట వాళ్లది," అన్నారు.

చివరికి ఒక మధ్యాహ్నం, ఆయన తుడిచిన ఆకుల మీదే గుండుసూది మొనంత తెల్ల చుక్కలు కనిపించాయి. తెగులే అనుకున్నాను. సార్ మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దంలో చాలాసేపు చూసి, వేలితో రుద్దారు. పొడి లేదు. తెగులు లోపలికి దిగబోయిన చోట మొక్క తనలో ఆ కాస్త ముక్కనూ చంపుకుని దాన్ని అక్కడే ఆపేసింది. ఏ చుక్క చూసినా అంతే. "పట్టనివ్వలేదమ్మాయ్," అన్నారు. నాకు కళ్లు తడిశాయి.

తిన్నగా రైతు ఇంటి ముందుకు వెళ్లి, "మాజీ, రోటీ హై?" అని ఆయనే అడిగారు. ఆ అన్నం మనిషి ఆవకూరతో నాలుగు రొట్టెలు తిని, గ్లాసుడు మజ్జిగ తాగి, వాకిట్లో నులకమంచం మీద ఒరిగారు. మరుక్షణం గురక. కాసేపటికి ముఖం మీదికి ఎండొచ్చింది. లేపబోతే పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "సోనే దే, బేటీ," పడుకోనీ అంది. తలవైపు రైతు, కాళ్లవైపు ఆమె, నేను పట్టుకుని మంచాన్ని మెల్లగా లేపాం. "ధీరే, ధీరే," అంటూ రైతు వెనక్కి అడుగులేశాడు. ఆయన్ని అలాగే వేపచెట్టు నీడలోకి మోసుకెళ్లి దించాం. ఆయనకి మెలకువ రాలేదు.