సరే అంటే చాలదు

మేనకోడలు ఒక పోట్లాట గెలవడం అత్త కళ్లారా చూసింది. ఇంటి యజమాని మెట్ల మీద నిలబడి, మేనకోడలి బూట్ల మట్టితో మెట్లన్నీ పాడవుతున్నాయని ఇంతెత్తున లేచాడు. ఈమె గొంతు పెంచలేదు.

"ఇల్లు ఖాళీ చేయిస్తాను!"

"సరే."

"అసలు నీకు సిగ్గుందా?"

"సరే."

గోడతో ఎంతసేపని కుస్తీ పడతాడు? నోరెండిపోయి తలుపేసుకున్నాడు. అత్త మురిసిపోయి ఆమెకు 'సరేలమ్మ' అని పేరు పెట్టింది.

సరేలమ్మది విమానాల మైదానంలో గడ్డి కోసే పని. ఏళ్ల తరబడి భుజాన మిషను మోస్తూ కంచె వెంట నడిచింది. మోకాళ్లు అరిగిపోయాయి. ఈమధ్యే ట్రాక్టరు ఇస్తామన్నారు, కూర్చుని చేసే పని. కాకపోతే ట్రాక్టరు రన్‌వే దగ్గరికి పోవాలంటే విమానాలకు దారి చెప్పే టవర్‌వాళ్లతో రేడియోలో మాట్లాడటం రావాలి. దానికో పరీక్ష. ఆ పూట అది తప్పి ఇంటికొచ్చింది. ఇంకోసారి తప్పితే మళ్లీ కంచె, మళ్లీ నడక.

బూట్లు విప్పే ఓపిక కూడా లేక గోడకు చేరగిలబడింది. అత్త బట్టలు మడతపెడుతోంది.

"ఏమే, అంత కొరకరాని కొయ్యా ఆ రేడియో? మాట్లాడేది మనుషులేగా?"

"మనుషులే అత్తా, ఊపిరి తీసుకోని మనుషులు. ఒకరి మాట అయ్యీ అవకముందే ఇంకొకరు. మొదట్లో అంతా అర్థం చేసుకోబోయి తల దిమ్మెక్కిపోయేది. చాలా మాటలు విమానాలకట, నాకు కాదు. 'ట్రాక్టర్ మూడు' అని నన్ను పిలిచినప్పుడే చెవి నిక్కించాలి. ఎక్కడ, ఏం చెయ్యాలి, ఆ రెండూ పట్టుకుంటే చాలు."

"అంత గోలలోనూ కన్నబిడ్డ ఏడుపు తల్లి చెవిన పడ్డట్టు."

"ఆఁ, అదీ వచ్చింది."

"మరి తప్పడమెందుకు?"

"రన్‌వే ముందు ఆగమంది టవర్. సరే అన్నాను. ఆగాల్సిన గీత తాకకుండా ఆగాను. అయినా తప్పావన్నాడు నేర్పేవాడు. 'ఆగావని పక్కనున్న నాకు తెలుసు. నువ్వు ఆగమని విన్నావో దాటమని విన్నావో టవర్‌వాళ్లకేం తెలుసు? విన్నమాట తిరిగి చెప్పాలి' అన్నాడు."

"వాడి మొహం! కానీ మాట నిజమే."

"నిజమే. తెలిసి కూడా నోట్లోంచి సరే ఊడిపడుతోంది. ఎవరితోనూ వాదించే ఓపిక లేక అలవాటైపోయింది. ఇంట్లో అదే, షెడ్డులో అదే. అలిసిపోయాను అత్తా."

అత్త చేతిలో మడత ఆగిపోయింది. మెట్ల మీద తాను చూసింది గెలుపు కాదన్నమాట.

"రేపట్నుంచి నువ్వే టవర్‌వి," అంది సరేలమ్మ.

"నేనా? చదువూ సంధ్యా లేనిదాన్ని."

"చదువెందుకు? అజమాయిషీ చెయ్యడం నీకు ఒకరు నేర్పాలా?"

అత్తకు కోపం రాబోయి నవ్వొచ్చింది.

"గిన్నె అందుకో, కిటికీ వెయ్యి, ఏదో ఒకటి చెబుతూ ఉండు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పేదాకా నన్ను కదలనివ్వకు. కంచం ముందు పెట్టుకుని కూర్చున్నా ముట్టనివ్వకు. అలిసిపోయి వచ్చిందిలే పాపం అని మాత్రం వదిలెయ్యకు."