ఎండలో నిద్రపోయిన డబ్బా

ఆ రోజుల్లో ఇంటి మీద సోలార్ పలకలు కనబడితే జనం ఆగి చూసేవారు. పలకల కంటే ఎక్కువగా వాటిని బిగించే నన్ను చూస్తున్నారని నా గట్టి నమ్మకం. డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు, కరీంనగర్‌లో ఒక చిన్న సోలార్ దుకాణంలో పనికి కుదిరాను, నడుముకు టెస్టర్ వేలాడుతోంది. ఇక నాకు తెలియనిది ఏముంటుంది? (ఆ టెస్టర్ ఎక్కువగా వేలాడటానికే పనికొచ్చేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

మా సారు నన్ను నమ్మి ఒంటరిగా పంపిన మొదటి ఇల్లు సుల్తానాబాద్‌లో ఉంది. ఇంటాయన ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో మోటార్ల పని చేసి రిటైరైనవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. నేను పనిచేస్తున్నంతసేపూ ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని మాట్లాడకుండా చూస్తూ కూర్చునేవాడు, అదొక పరేషాన్. ఆయన భార్యను చిన్నమ్మ అనేవాణ్ణి. ఆ ఇంట్లో మాట్లాడవలసినదంతా ఆమే మాట్లాడేది.

పలకలు బిగించడం పూర్తయ్యాక ఒక రోజు పొద్దున కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి కొత్త మీటరు బిగించి పోయారు. పలకల్లో పుట్టిన కరెంటు ఇంటికి పోగా మిగిలింది వీధి తీగలోకి పోతుంటే, పోయినదెంతో చూపించే మీటరు అది. ఆ సంబరానికి చిన్నమ్మ తన చెల్లెళ్లందరినీ పిలిచి దావత్ పెట్టింది. మధ్యాహ్నం అందరూ మీటరు ముందు చేరారు, సుల్తానాబాద్ మొత్తానికి ఈ ఇంటి నుంచే వెలుగు పోబోతున్నట్టు నేను ఉపన్యాసం ఇస్తున్నాను. అంతలో బయట స్తంభం మీద టప్పుమని చప్పుడై ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఆ ఇంటికి వచ్చే తీగ అతుకు దగ్గర కాలి ఊడిపోయింది. కాకా లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు.

పలకల కరెంటును ఇంటికి పంపే డబ్బా కూడా ఎర్రలైటు పెట్టుకొని నిద్రపోయింది. దాని తప్పేం లేదు. బయట కరెంటు లేనప్పుడు అది కూడా ఆగిపోవాలి, లేకపోతే స్తంభం ఎక్కిన మనిషి ప్రాణానికే ముప్పు. ఇదంతా వివరంగా చెప్పాను. చిన్నమ్మ ఓపికగా విని, "ఎండ గింత కొడుతుంటే నీ డబ్బకు నిద్రెట్లొస్తది బిడ్డా?" అంది. చెల్లెళ్లు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తిన్నగా నా నెత్తికెక్కింది.

లోపలి గదిలో ఒక పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది. దాని కరెంటును ఇంటి వైరింగులో కలిపితే, బయట కరెంటు వచ్చేసిందనుకొని ఈ డబ్బా లేస్తుంది. చేయకూడని పని అని నాకు తెలుసు. బయటికి కరెంటు పోకుండా మెయిన్ స్విచ్చు ఆపి చేస్తే ఏం కాదులే అని నాకు నేనే అనుమతి ఇచ్చుకొని వైర్లు కలిపాను. డబ్బా లేచింది, ఫ్యాన్లు తిరిగాయి. చిన్నమ్మ మురిసిపోయి, మొదటి విస్తరి నాకే వేసింది.

అన్నంలో పచ్చిపులుసు కలుపుకుంటూ కిటికీలోంచి చూశాను. లైన్‌మన్ వచ్చి, స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కుతున్నాడు. ఎక్కనీ అనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాక నమలడం ఆగిపోయింది. మెయిన్ ఆపానా? ఆపాలి అనుకున్నది గుర్తుంది. ఆపింది గుర్తు లేదు. ఆపకపోయి ఉంటే మా కరెంటు వెనక్కి పోయి, అతను పట్టుకోబోయే తీగ కొసలోనే ఉంటుంది. వీధి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బంద్ చేసి వచ్చిన మనిషికి, కరెంటు ఇంట్లోంచి వస్తుందన్న అనుమానం ఎందుకొస్తుంది?

లేచి పరుగెత్తాను. వరండాలో ఉన్న మెయిన్ స్విచ్చు పక్కనుంచే పరుగెత్తాను. (ఆగి దాని మీద ఒక్క చెయ్యి వేస్తే అయిపోయేది. ఆ తెలివి ఇప్పటిది.) కాళ్లకు చెప్పుల్లేవు, సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది, అరుద్దామంటే గొంతులో అన్నం. వెళ్లి నిచ్చెనను రెండు చేతులా వాటేసుకున్నాను. పైన కటింగ్ ప్లేయర్ తీగకు జానెడు దూరంలో ఉంది. ముద్ద ఎలా మింగానో తెలియదు.

"అన్నా, ముట్టకు. దాంట్ల కరెంటున్నదో లేదో నాకు తెల్వదు."

చెయ్యి అక్కడే ఆగింది. అతను తిట్టలేదు. నన్నూ, నిచ్చెన మీద కారుతున్న పులుసునూ చూశాడు. ఇతనికీ ఒక ఇల్లుంటుందని, సాయంత్రానికి ఎదురుచూసేవాళ్లు ఉంటారని నాకు అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది.

వెనకనుంచి కాకా నింపాదిగా నడిచి వచ్చాడు. అంగీ జేబులోంచి తెల్లటి ఫ్యూజు తీసి పైకెత్తి చూపించాడు.

"నీ పని నువ్వు చేస్కో తమ్మీ. ఫ్యూజు నా దగ్గరున్నది."

బావిలో ఎవరైనా వైరు మీద చెయ్యి వేస్తే, ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటట. ఇంటినీ వీధి తీగనూ కలిపే ఆ ఫ్యూజును, నేను లోపల వైర్లు కలపడం మొదలుపెట్టకముందే పీకేశాడట. చెప్పొచ్చు కదా కాకా అన్నాను.

"మెయిన్ బందయిందా లేదా అని నువ్వు నన్ను అడుగుతవేమోనని చూసిన. అడుగలే."

లైన్‌మన్ తన టెస్టర్ తీగకు ఆనించి చూసుకొని, అప్పుడు పని మొదలుపెట్టాడు. అయ్యేదాకా నిచ్చెన నేనే పట్టుకున్నాను, వదలమన్నా వదల్లేదు. తర్వాత లోపలికి పోయి నేను కలిపిన వైర్లు ఊడదీశాను. కాకా ఫ్యూజు నా చేతిలోనే పెట్టాడు. మెయిన్ ఆగిందో లేదో రెండుసార్లు చూసుకొని బిగించాను. చిన్నమ్మ చెల్లెళ్లు ఈసారి నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఇప్పుడు నాకే ఒక దుకాణం ఉంది, నలుగురు పనివాళ్లున్నారు. ఎవరేం అడిగినా నా దగ్గర జవాబుంటుంది, సరైనది లేకపోతే పొడుగైనది చెబుతాను. మొన్న ఇచ్చోడ నుంచి వచ్చిన ఒకావిడ తన మీటరు గురించి ఏదో అడిగింది. పావుగంట వివరించాను, అర్థమైందా అంటే ఆమె నన్ను జాలిగా చూసింది. నిచ్చెనను వాటేసుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చేసిందంతా తెలివితక్కువ పనే గానీ, చెప్పవలసిన మాట సిగ్గుపడకుండా చెప్పాడు పాపం.

"నాకు తెల్వదమ్మా, కనుక్కొని చెప్త" అన్నాను చివరికి. ఆ మాట నోట్లోంచి రావడానికి ఆ రోజు ఒక్క క్షణం పట్టింది. మొన్న పావుగంట పట్టింది.